వెంకటరమణప్ప గోడ తట్టే తీరు

నిన్న బాగేపల్లిలో ఒక ఇంటి తలుపు తీయగానే తడి సిమెంటు వాసన ముఖానికి కొట్టింది. ముందుగది గోడలు నాలుగింటికీ కొత్త పూత వేయించారు. నున్నగా, చల్లగా, ఎక్కడా చిన్న గీత కూడా లేదు. తాపీమేస్త్రీ పని శుభ్రంగానే చేశాడు గానీ, స్విచ్చుల డబ్బాలనూ, ఫ్యాను వైరు బయటికొచ్చే చోటునూ, కిటికీ పక్కన ఉన్న కొక్కేలనూ కూడా పూత కింద కప్పేసి వెళ్ళిపోయాడు. "యాడుండాయో ఏమో మేడం, మాకే గుర్తు లేదు" అంది ఇంటావిడ. "వెతుకుదాంలే అమ్మా" అని గోడకు అరచేయి ఆనించాను. ఆ చల్లదనం తగిలేసరికి పక్కన ఎవరో నిలబడి ఉన్నట్టనిపించి తల తిప్పాను. ఎవరూ లేరు. తడి గోడ ముందు నిలబడినప్పుడల్లా నాకు ఇలాగే అవుతుంది. నేను వెతుక్కునే ఆ మనిషి వెంకటరమణప్ప.

చింతామణిలో ఆయనకు కరెంటు సామాన్ల చిన్న అంగడి ఉండేది. నేను ఐటిఐలో కరెంటు పని నేర్చుకుని, సర్టిఫికేట్ చేతపట్టుకుని ఊళ్ళో ఉన్న అంగళ్ళన్నీ తిరిగిన రోజులవి. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. కొందరు నవ్వారు. కొందరు బల్బులు అమ్మడానికైతే కూర్చోమన్నారు. వెంకటరమణప్ప మాత్రం నా కాగితం వంక చూడనే లేదు. మూలన ఉన్న నిచ్చెన చూపించి, "ఎక్కుతావా?" అని అడిగారు. ఎక్కి, పైన ఏం చేయాలో తెలియక, "దిగమంటారా అప్పా?" అన్నాను. "ఉండమ్మా. ఆ బల్బు మాడిపోయి నెలయింది. నాకు మోకాళ్ళ నొప్పి. మార్చేసి దిగు" అన్నారు. అదే నా ఇంటర్వ్యూ. అంగడికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, "ఏమప్పా, ఆడపిల్లను పనికి పెట్టుకుంటాండావా?" అంటే, "ముట్టుకునింది మొగోడా ఆడదా అని వైరుకు తెలుస్తాదా?" అని ఆయన పని ఆయన చేసుకున్నారు. ఆ రాత్రి మా ఇంట్లో నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

పూత కింద పోయినవాటిని వెతకడంలో ఆయనను మించినవాళ్ళు మా వైపు లేరు. ఒకసారి జంగమకోటెలో పట్టుపురుగులు పెంచే రైతు పిలిపించాడు. పురుగులు పెట్టే గదికి పూత వేయిస్తే స్విచ్చుల డబ్బాలన్నీ మాయమయ్యాయి. మర్నాడు పొద్దున్నే పురుగులు వస్తున్నాయి. ఎండలు మండిపోతున్నాయి, ఫ్యాన్లు తిరగకపోతే పంట పోయినట్టే. మేము వెళ్ళేసరికి తాపీమేస్త్రీ సుత్తి, ఉలి పట్టుకుని గోడంతా పగలగొట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. "లోపల వైర్లుండాయి, తెంపేస్తావు. ఆగప్పా" అని వెంకటరమణప్ప అతన్ని ఆపారు. పాత రేడియో స్పీకరులోంచి తీసిన అయస్కాంతానికి దారం కట్టి గోడ వెంట జార్చడం ఆయన పద్ధతి. ఇనుప డబ్బా ఉన్నచోట దారం గోడవైపు లాగుతుంది. అక్కడ ఎంత జార్చినా లాగలేదు. అవి పాతకాలపు కొయ్య డబ్బాలు. రైతు తల పట్టుకుని కూర్చున్నాడు.

వెంకటరమణప్ప మాత్రం బయట అరుగు మీద ఉన్న రైతు తల్లి దగ్గరకు వెళ్ళారు. "అమ్మా, పురుగులకు ఆకేసేదానికి ఈ గదిలోకి ఎవురొస్తాండ్రి?"

"ఇంకెవురు? నేనే."

"చీకట్లో వస్తే దీపం ఎట్ల ఏస్తాంటివి?"

ఆమెకు ఆ ప్రశ్నే వింతగా ఉంది. "ఎట్లేస్తారు? చెయ్యి పెట్టి ఏస్తారు."

ఆయన ఆమెను గది గుమ్మం దగ్గరకు నడిపించి, కళ్ళు మూసుకుని లోపలికి రమ్మన్నారు. ముసలామె గడప దాటింది. రెండో అడుగు వేస్తూ ఉండగానే ఆమె కుడిచేయి దానంతటదే లేచి గోడ మీద ఒకచోట ఆనింది. వెంకటరమణప్ప అక్కడ వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి విని, పెన్సిలుతో గుర్తు పెట్టారు. నన్నూ పిలిచి వినమన్నారు. చుట్టూ గట్టిగా మోగే గోడ అక్కడ మాత్రం డొల్లగా పలికింది. ఉలి మొనతో కాస్త గీకితే, సిమెంటు లోపలికి పోకుండా కాగితాలు కుక్కిన కొయ్య డబ్బా బయటపడింది. మిగతావి దాని ఎత్తును బట్టి దొరికాయి. ముసలామె తన చేతిని తానే వింతగా చూసుకుంటూ నవ్వింది. ఇంటిని వాడే మనుషులను అడగకుండా నేనిప్పటికీ సుత్తి పట్టుకోను.

కొన్నేళ్ళకు ఆయన తీరులో మార్పు వచ్చింది. పక్కనే ఫోను మోగుతున్నా తీసేవారు కాదు. నేను మాట్లాడుతుంటే నా పెదవుల వంక చూసేవారు. వయసు కదా అనుకున్నాను. ఒక రోజు చింతామణిలోనే, రిటైరైన లెక్చరరు ఒకాయన ఇంట్లో పూత కింద కొయ్య డబ్బా వెతుకుతున్నాం. ఆయన తట్టి, "ఇదో, ఇక్కడ" అన్నారు. నాకు గోడ గట్టిగానే వినిపించింది. అయినా పెద్దాయన మాటకు అడ్డు చెప్పడమా అని ఊరుకున్నాను. పగలగొడితే ఏమీ లేదు. ఇంకోచోట చూపించారు, అక్కడా లేదు. కొత్త గోడకు మూడు గుంతలు పడ్డాక లెక్చరరుగారు కేకలు మొదలుపెట్టారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. "తప్పు నాదే సార్, నేనే అక్కడుందని చెప్పినాను" అన్నాను.

తిరిగి వస్తూ దారిలో ఆయన స్కూటరు ఆపేశారు.

"అక్కడ లేదని నీకు వినబడింది కదా?"

వినబడిందని తలాడించాను.

"నాకు చెవులు పోతాండాయని ఆర్నెల్లుగా నాకు తెలుసు. దానికి కాదమ్మా నా బాధ. నీకు తెలిసీ నోరు మూసుకున్యావే, దానికి. నా ముందర నువ్వు నోరు తెరవలేకపోతే నేను నీకు ఏం నేర్పించినట్ల?"

మర్నాడు ఆయన ఒక్కరే వెళ్ళి, తన చెవుల సంగతి లెక్చరరుగారికి చెప్పి, ఆ మూడు గుంతలకూ తన చేత్తోనే పూత వేసి వచ్చారు. అంగట్లోకి రాగానే, "ఇంక నువ్వు విను. నేను నీ మొగం చూస్తా" అన్నారు. తర్వాత నాలుగేళ్ళు అలాగే పనిచేశాం. నేను గోడ తట్టుకుంటూ పోయేదాన్ని. డొల్ల శబ్దం తగిలి నేను నోరు తెరిచేలోపే ఆయన పెన్సిలు అక్కడ గీత గీసేది. నా ముఖంలో ఏం కనబడేదో నాకు ఈనాటికీ తెలియదు. అంత శ్రద్ధగా నా ముఖం చూసినవాళ్ళు మళ్ళీ లేరు.

తర్వాత అంగడి నాకు అప్పగించి ఆయన కైవార పక్కన ఉన్న సొంత ఊరికి వెళ్ళిపోయారు. అప్పటికి చెవులు దాదాపు పూర్తిగా పోయాయి. ఒక స్కూలు మొత్తానికి వైరింగు చేసే పని నా పేరు మీద దొరికినప్పుడు ఆయనను చూడటానికి వెళ్ళాను. బస్సులో దారి పొడుగునా ఒకే మాట మనసులో అనుకుంటూ పోయాను. అరుగు మీద ఆయన పక్కన కూర్చుని, మొహమాటంతో ఎటో చూస్తూ అన్నాను: "నాకీ బతుకు మీరిచ్చిందే అప్పా."

ఆయన నావైపు తిరిగి తలాడించారు. ఆకాశం వంక చూసి, "అవునమ్మా, వాన వచ్చేట్లే ఉండాది. మిద్దె మీద రాగులు ఎండేసిండాది మా ఆడామె. కొంచెం దించిపెట్టు" అన్నారు.

నవ్వు ఆపుకుంటూ మిద్దె ఎక్కి రాగులు గోనెసంచిలోకి ఎత్తి దించాను. అంతలో బస్సు వేళయింది. ఈసారి వచ్చినప్పుడు ఆయన ముఖానికి ఎదురుగా కూర్చుని చెబుదాంలే అనుకున్నాను. పదిహేను రోజులు తిరక్కుండానే ఆయన పోయారని కబురు వచ్చింది. నేను రాగులు దించిన ఆ రోజు వాన రానే లేదు. ఆ మాట మళ్ళీ ఒకసారి గట్టిగా చెప్పడానికి, మిద్దె మీది రాగులు దించడానికి పట్టినంత సేపు కూడా పట్టేది కాదు.