అడక్కుండా ఇచ్చిన కథ

వెల్మాకు అరవై ఆరేళ్ళు. ఊళ్ళో చిన్నపిల్లల బడిలో వంట చేస్తుంది. ఆ బడికి వెళ్ళి ఆమె చేతి రొట్టె తినకుండా పెద్దయినవాళ్ళు లేరు, ఇప్పుడు వాళ్ళ పిల్లలూ తింటున్నారు. అయినా కొత్తవాళ్ళెవరైనా మాటవరసకి "మీది ఈ ఊరేనా?" అంటే చాలు, ఆమెకు ఒళ్ళు మండుతుంది. ఆ మంట వెనక ఉన్నది భయమని ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

నాలుగేళ్ళప్పుడు సంక్షేమశాఖ కారు వచ్చి ఆమెను పట్టుకుపోయింది. ఆస్ట్రేలియాలో ఆ రోజుల్లో మా ఆదివాసుల పిల్లల్ని అలాగే ఎత్తుకుపోయేవారు, పైగా అది మా మంచికేనని చెప్పేవారు. ఆ రోజు గురించి ఆమెకు గుర్తున్నది ఒక్కటే: తన నోటిని గట్టిగా మూసిన ఒక చెయ్యి. అది కారులో వచ్చిన ఆవిడ చెయ్యే అనుకుని జీవితమంతా అసహ్యించుకుంది. ఎక్కడో సముద్రం పక్కన ఆడపిల్లల హోములో అంట్లు తోముతూ పెరిగింది. ముప్ఫై ఒకటో ఏట ఊరు వెతుక్కుంటూ వచ్చేసరికి తల్లి పోయి ఆరేళ్ళయింది.

దగ్గరకు తీసింది ఐవీ పిన్ని ఒక్కతే. నది వంపు దగ్గర బుట్టలకని రెల్లు కోస్తూ ఐవీ ఆమెకు ఒక కథ చెప్పింది. ఒక నదీ, ఒక పక్షీ ఉన్న కథ. అంతకుమించి ఇక్కడ రాయను, ఎందుకో మీకే తెలుస్తుంది. పుట్టినచోటు నుంచి వెల్మాకు దక్కింది ఆ కథే.

బడి వెనక ఖాళీ స్థలంలో పిల్లలకు ఆటస్థలం కట్టాలనుకున్నారు. ఇనుప జారుడుబల్లలు వద్దు, మట్టితో, రాళ్ళతో, చెట్ల మానులతో, ఈ నేల మనుషుల గుర్తు నిలిచేలా ఊరంతా కలిసి కట్టుకుందామన్నారు. టీచరు హానా తెల్లపిల్ల, మనసు మంచిది. వంటింట్లోకి వచ్చి, "అత్తా, అక్కడ ఏముండాలో నువ్వే చెప్పు" అంది. తిరిగొచ్చిన ముప్ఫై అయిదేళ్ళలో ఆమెను ఎవరూ అలా అడగలేదు. వెల్మా పొంగిపోయింది. ఆ పొంగులోనే ఐవీ కథ మొత్తం చెప్పేసింది.

నాలుగు శనివారాలు పని సాగింది. తండ్రులు నీలగిరి మానులు దొర్లించుకొచ్చారు. తల్లులు కొమ్మలతో మనిషి పట్టేంత గూడు అల్లారు. గుండ్రాళ్ళను నదిలా వంపులు తిప్పి పరిచి, వాటిమీద పిల్లలు కథను బొమ్మలుగా వేశారు. మధ్యాహ్నం సాసేజీలు, వెల్మా బొగ్గుల్లో కాల్చిన రొట్టె, టీ.

అయిదో శనివారం డల్సీ వచ్చింది. నది వంపు దగ్గరుండే కుటుంబానికి ఇప్పుడు ఆమే పెద్ద. చూపు మందగించింది, మేనల్లుడు క్లారీ కారులో తీసుకొచ్చి కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఆమెకు వినిపిద్దామని పిల్లలు ఒక్కో రాయి మీదా గెంతుతూ కథ అప్పజెప్పారు. డల్సీ చివరిదాకా విన్నది. వెల్మా పెట్టిన టీ, రొట్టె ముట్టకుండా లేచి వెళ్ళిపోయింది. మా ఊళ్ళో తిట్టడం కన్నా పెద్ద అవమానం అది.

క్లారీ వెనక్కి వచ్చాడు.

"అత్తా, ఆ కథ నీకెవరిచ్చారు?"

"ఐవీ పిన్ని."

"ఐవీ మా ఇంటి కోడలు. కథ మా నానమ్మది. మనసులో దాచుకోమని ఐవీ నీకు చెప్పింది గానీ, రొట్టె ముక్కల్లా పంచిపెట్టమనలేదు."

"నాకు తెలీదు క్లారీ."

"అదేగా. ఇక్కడ పెరిగుంటే తెలిసేది."

అనేశాక తనే నాలుక కరుచుకున్నాడు. వెల్మా మాత్రం ముప్ఫై అయిదేళ్ళుగా ఏ మాటకు భయపడుతూ బతికిందో ఆ మాట పదిమందిలో వినేసింది.

"డల్సీ గారి కుటుంబానికి కృతజ్ఞతలు అని బోర్డు పెడదామా?" అంది హానా బిక్కుబిక్కుమంటూ.

"ఎత్తుకొచ్చిన కోడిని కూర వండి, గిన్నె మీద దాని యజమాని పేరు రాస్తే సరిపోతుందా?" అంది వెల్మా. తర్వాత ఆ పిల్లను కసిరినందుకు బాధపడింది.

మాలో పెద్దవాళ్ళ తలుపు తట్టం. గేటు బయట వాళ్ళకు కనిపించే చోట కూర్చుంటాం, పిలిస్తే వెళ్తాం. ఆ మాత్రం వెల్మాకు తెలుసు. సోమవారం వంట ముగించి వెళ్ళి డల్సీ గేటు ముందు కూర్చుంది. డల్సీ బట్టలు ఆరేసుకుంది, కుక్కకు అన్నం పెట్టింది, లోపలికి పోయింది. మంగళవారమూ అంతే. బుధవారం దారిన పోయేవాడొకడు కారు ఆపి, "అత్తా, అక్కడికి బస్సు రాదు" అని నవ్వాడు. వెల్మాకు నవ్వు రాలేదు. ఈ గేటు తెరుచుకోకపోతే తను ఈ ఊళ్ళో వంటమనిషే తప్ప ఇంకేమీ కాదు.

సాయంత్రం కాబోతుండగా లోపలినుంచి గొంతు వినిపించింది. "రా. నీకోసం కాదులే. నిన్ను చూసి నా కుక్క తిండి మానేసింది."

వెల్మా వెళ్ళి మెట్టు మీద కూర్చుంది. "రాళ్ళు తీసేస్తానక్కా."

"తియ్యి. అడిగితే మా అమ్మ ఉన్నా ఇచ్చేదే. అడగాలి." డల్సీ కుక్క తల నిమిరింది. "అయినా నీ కథ ఉండగా మాదెందుకు తీశావే?"

"నాకేముందక్కా చెప్పుకోడానికి?"

డల్సీ చేతులు ఒళ్ళో ముడుచుకుంది. "కారు చప్పుడు వినగానే మమ్మల్ని రెల్లులో దాచేవాళ్ళు. ఆ రోజు మీ అమ్మ నిన్ను నా ఒళ్ళో పడేసి, దీని నోరు ముయ్యవే డల్సీ అని, వాళ్ళని మళ్ళించడానికి అటు పరిగెత్తింది. నాకు పదేళ్ళు. గట్టిగా మూశాను. నువ్వు కిమ్మనలేదు, బంగారుతల్లివి. దగ్గు నాకొచ్చింది."

వెల్మా మెట్టు మీదే ఆమె వైపు తిరిగింది.

"వాళ్ళు రెల్లు తప్పించి చూశారు. నిన్ను వదిలేసి పరిగెత్తాను. నువ్వు తిరిగొచ్చాక నీ చేతి రొట్టె నేనెప్పుడైనా తినడం చూశావా? ఏ ముఖం పెట్టుకుని తినను?"

వెల్మాకు కోపం వచ్చింది. అరవై రెండేళ్ళ కోపం. మెట్టు దిగి గేటుదాకా వెళ్ళింది. గేటు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది. నోటిమీది ఆ చెయ్యి గుర్తొచ్చింది. అది తనను ఎత్తుకుపోయిన చెయ్యి కాదు, దాచిన చెయ్యి. వెనక్కి వచ్చి మళ్ళీ అదే మెట్టు మీద కూర్చుంది.

ఆ శనివారం వెల్మా తన చేతులతోనే కొమ్మల గూడు విప్పేసి, రాళ్ళన్నీ ఎత్తింది. పిల్లలు ఏడ్చారు, నాలుగు శనివారాల పని మరి. క్లారీ వాటిని బండిలో వేసుకుని నది వంపుకు చేర్చాడు. ఖాళీ అయిన చోట నదినుంచి తెచ్చిన రెల్లు దుబ్బులు నాటారు. ఈసారి అది తన సొంత కథేనని, తనను రెల్లులో దాచిన రోజు కథ అని, పిల్లల తల్లిదండ్రులందరి ముందు నిలబడి వెల్మా చెప్పింది.

వసంతానికి రెల్లు పిల్లల తలలు దాటింది. ఆటస్థలం తెరిచిన రోజున పిల్లలు దాగుడుమూతలు మొదలుపెట్టారు. వెల్మా, డల్సీ పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు. వెతికే పిల్ల అంకెలు లెక్కపెడుతోంది. అంతలో రెల్లులోంచి చిన్న దగ్గు వినపడింది. వెల్మా చెయ్యి తనకు తెలియకుండానే నోటిమీదికి పోయింది.

డల్సీ ఆ చేతిని పట్టుకుని కిందికి దించింది. "దొరికినా ఏం కాదే. సాయంత్రానికి వాళ్ళమ్మలే వచ్చి తీసుకెళ్తారు."

తర్వాత తన ఒళ్ళోని పళ్ళెంలోంచి వెల్మా చేతి రొట్టె తుంచుకుని నోట్లో పెట్టుకుంది.