మట్టికోట కాశయ్య

ఇల్లందు బొగ్గుగనిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే కాశయ్య, మొదటి షిఫ్టు దిగి స్నానం చేయగానే నెట్ సెంటర్‌కు వస్తాడు. గోళ్ళలోని నలుపు అంటుతుందని మౌసును రెండు వేళ్ళతోనే పట్టుకుంటాడు. అక్కడ కంప్యూటర్‌లో ఆడే రాజుల ఆటలో ఎప్పుడూ దిక్కులేని రాజ్యమే ఎంచుకుంటాడు. ఒక మట్టికోట, పన్నెండుమంది కూలీలు, మూడువైపులా శత్రువులు. ఆటలో ఒక్క ఏడాదైనా నిలవాలన్నది అతని పంతం. పది రోజులుగా ఓడుతూనే ఉన్నాడు. “పెద్ద రాజ్యం తీస్కోరాదే కాశన్నా!” అంటాడు సెంటర్ నడిపే చందర్. “గట్లయితే ఎవడైనా గెలుస్తడు తమ్మీ.”

ఆ సాయంత్రం కోటగోడ పగిలింది. “ఉరుకుండ్రి, బయటికి ఉరుకుండ్రి!” అని కాశయ్య కుర్చీలోంచి లేచి అరిచాడు. గనిలో కప్పు చిటపటమంటే అతను వేసే కేక అదే. కూలీలందరినీ వెనక గుట్ట మీదికి తోలేశాడు. “కోట ఇడిశిపెట్టినవ్ ఏందన్నా?” అని చందర్ నెత్తి కొట్టుకున్నాడు. “కోట మల్ల కడ్తం. మనుషులను యాడికెల్లి తెస్తం?” ఖాళీ కోట కోసం శత్రురాజులు ముగ్గురూ తమలో తామే కొట్టుకున్నారు. ఈలోగా గుట్ట మీద కొత్త గోడ లేచింది, ఏడాది నిండినట్టు ఆటలో గంట మోగింది. “గెలిచినవన్నా!” అని చందర్ ఎగిరాడు. కాశయ్య తెర మీద వేలుపెట్టి పన్నెండుమందినీ లెక్కపెట్టాడు. “అందరున్నరు తమ్మీ” అంటూ పకపకా నవ్వాడు.