కవల మేకపిల్లలూ, నా దిష్టి భయమూ

ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను. ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి లోకంలో లేదనుకునేదాన్ని (చదివింది ఐదో తరగతి, అదీ పూర్తిగా కాదు). ఉదయగిరి దగ్గర అత్తగారింట్లో కొత్త కోడలిని. పశువుల డాక్టరు చదువుతున్న మా ఆడబిడ్డ, కొత్త దాణా పెడితే మేకపిల్లలు బాగా ఎదుగుతాయా అని పరిశోధన పెట్టుకుంది. ప్రతి కవల జతకూ బొమ్మా బొరుసా వేసి ఒకదానికి దాణా, రెండోదానికి మామూలు మేత. చెవులకు నంబరు బిళ్లలు. పెట్టేది నేను, తూచి రాసేది తను. కవలలను పక్కపక్కన రాయబోతే నేను అడ్డం పడ్డాను. "జతగా రాస్తే దిష్టి తగులుతాది పాపా! మా చేజర్లలో ఎవురూ అట్ల రాయరు. దాణా తినేవి ఒక కాగితంలో, తిననివి ఇంకో కాగితంలో రాయి." (చేజర్లలో మేకలను కాగితం మీద రాసిందెవరో నాకూ తెలియదు.) పాపం, వదిన మాట కాదనలేక అట్లాగే రాసింది.

మూడు నెలలయ్యాక లెక్క వేసి, తల పట్టుకుని కూర్చుంది. "తేడా ఉండాదో లేదో తేలలా వదినా. మళ్లా మొదట్నించి చేయాలంటే ఏడాది పోతాది."

ఫోనులో వాళ్ల సారు అడిగారు. "ఏ పరీక్ష చేసినావమ్మా?"

"రెండు గుంపుల సగటులు పోల్చే పరీక్ష సార్."

"అది ఒకదానికొకటి సంబంధం లేని గుంపులకు గదా! పెద్ద మేకకు పుట్టినవి రెండూ పెద్దవే, బక్కదానికి పుట్టినవి రెండూ బక్కవే. ఆ హెచ్చుతగ్గుల్లో దాణా చేసిన పని మునిగిపోతాది. జతజతకూ తేడా తీసి, ఆ తేడాలకు పరీక్ష చెయ్యాల. ఏది దేని జతో రాసుకున్నావా?"

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను మేకల వైపు చూశాను.

"రాయకపోతే ఏంది, నేను చెప్తా రాసుకో" అని ఏ బిళ్ల ఏ తల్లిదో గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. "నోటి మాట చాలదమ్మా" అన్నారు సారు. మా అత్తకు విసుగొచ్చింది. "సాయంత్రం తల్లులొచ్చినాక తడిక తీస్తే అవే చెప్తాయి గదంటే! ఇద్దరికీ బుర్రల్లేవా?"

తడిక తీశాం. పిల్లలన్నీ అరుచుకుంటూ పోయి వాటి వాటి తల్లుల పొదుగులు పట్టుకున్నాయి. తను బిళ్లలు చూసి రాసుకుంది. నేను చెప్పినవన్నీ సరిపోయాయి, రెండు జతలు తప్ప (ఆ మేకలదే తప్పని ఇప్పటికీ అంటాను). ఈసారి జతజతకూ తేడా తీస్తే తేలింది. ఏవో ఒకటి రెండు తప్ప, అన్ని జతల్లోనూ దాణా తిన్నదే బరువు. "నీ వల్లే వదినా" అని కావలించుకుంది. చెడగొట్టిందీ నేనేనని ఆ పిల్ల అనలేదు; నేనూ గుర్తు చేయలేదు.

ఇప్పుడు తను ఆత్మకూరు వైపు పశువుల డాక్టరు. దబాయించే ఆ కొత్త కోడలు తలపుకొస్తే నాకు సిగ్గూ, ముద్దూ రెండూ కలుగుతాయి. మీ ఇంట పాడి నిండుగా ఉండాలి. మీ ఆడపిల్లలు అడిగే ప్రశ్నలకు అడ్డం పడే వదినలు, కాస్త ఆలస్యంగానైనా, పక్కకు తప్పుకోవాలి.