తోక లేని అలకు ముందే కట్టిన ఫ్లెక్సీ

నా పరువు తిరువూరు బస్టాండు ఎదుట రెండు వెదురుకర్రల మధ్య వేలాడిన కథ ఇది. నవ్వుకోండి. నవ్వినవాళ్ల పేర్లు నాకు గుర్తుంటాయి, అంతే.

అప్పుడు నేను కాలేజీలో కాంట్రాక్టు లెక్కల లెక్చరర్ని. పీహెచ్‌డీ వస్తేనే ఉద్యోగం పర్మనెంటు. నా అంశం ఒంటరి అల. కాలువలో ఎద్దు మూపురంలా ఒక్కటే లేచి, ఆకారం చెడకుండా సాగిపోయే అల. దాని సమీకరణంలో ఎప్సిలాన్ అనే చీమతలంత సంఖ్య ఉంటుంది. దానివల్ల అల వెనక తోకలా సన్నని వణుకులు మిగులుతాయా అన్నది ప్రశ్న. మెట్టుమెట్టుగా లెక్కగడితే ప్రతి మెట్టులోనూ తోక విలువ సున్నాయే వచ్చింది. తోకే లేదని తేల్చేశాను.

అంతకుముందు ఒక సహోద్యోగి డాక్టరేట్ ఫ్లెక్సీలో నా మొహాన్ని అడుగు వరుసలో తపాలాబిళ్లంత వేశారు. ఆ మంటతో మా బావమరిదిని పిలిచాను.

“వైవా అయ్యాక కడదాం బావా.”

“వైవా లాంఛనంరా! ఆయన ఫొటోకన్నా నాది అడుగు పెద్దగా ఉండాలి.”

‘డాక్టరేట్ సాధించిన బావగారికి శుభాకాంక్షలు’ అని ముందురోజే కట్టేశాడు.

వైవాలో పరీక్షకుడు టీ పక్కన పెట్టారు.

“తోక లేదని ఎలా తెలిసిందండి?”

“ప్రతి మెట్టులో సున్నా వచ్చింది సార్.”

“ఆ మెట్లకు అందనంత చిన్నదైతే?”

“అంత చిన్నదాన్ని ఎవరు పట్టించుకుంటారు సార్?”

మా గైడుగారు తల పట్టుకున్నారు. “ఏమయ్యా, మా అమ్మాయి పెళ్లిలో రెండో గారె వెయ్యలేదని మూడేళ్లుగా నన్ను సాధిస్తున్నావే! గారె గుర్తుండి ఎప్సిలాన్ మర్చిపోయావా?”

పరీక్షకుడు బోర్డు నిండా రాసి తోకను బయటికి లాగారు. “ఎప్సిలాన్ ఉన్నంతకాలం ఇదీ ఉంటుంది. మళ్లీ రాసుకురండి.”

చీమే కదా అనుకుంటే చెరువుకట్ట తెగింది. నాలుగేళ్ల పని కొట్టుకుపోయింది. పర్మనెంటు పోస్టు నా కోసం ఆగలేదు.

సాయంత్రం బస్సు దిగితే, ఫ్లెక్సీలో దండ వేసుకుని నన్ను చూసి నేనే నవ్వుతున్నాను.

“విప్పేద్దామా బావా?”

“విప్పితే ఊరంతా ఎందుకని అడుగుతుందిరా.”

“అయితే నాకొదిలెయ్.”

వదిలేశాను. మర్నాటికి ‘సాధించిన’ మీద ‘సాధించబోయే’ అని ఎర్ర స్టిక్కరు అంటించాడు. అప్పటిదాకా తెలియనివాళ్లందరికీ ఆ స్టిక్కరే చెప్పింది.

అందుకే మనస్సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎంత చిన్నదైనా సరే, ఈ జన్మలో ఇక దేన్నీ సున్నాగా లెక్కగట్టను. ఆ స్టిక్కరు ఫొటో తీసి స్టాఫ్ గ్రూపులో పెట్టిన ఆ తపాలాబిళ్ల సహోద్యోగిని తప్ప.