ఎక్కిళ్ళ పాట

నిన్న ఆటోలో పాత ఇంగ్లీషు పాట మోగింది. గిటారు మోత మధ్య ఎక్కిళ్ళు పెడుతున్నట్టుండే గొంతు. అది ఒంటరివాడి పాటని ఇన్నాళ్ళకు అర్థమైంది.

చిన్నప్పుడు ధర్మవరంలో, మామ వదిలేసి వెళ్ళాక, మా మేనత్త పగలంతా నడుము దాకా మగ్గం గుంతలోనే దిగి చీరలు నేస్తూ ఉండేది. ఒకరోజు రేడియోలో ఈ పాటే వచ్చింది.

"ఆయప్పకెందుకత్తా అన్ని ఎక్కిళ్ళు?" అన్నాను.

"ఎవరో తలుచుకుంటాండార్లే."

"మరి నీకెప్పుడూ రావే?"

పోగుల మధ్య అటూ ఇటూ ఆడే నాడె అత్త చేతిలో ఆగిపోయింది.

మర్నాడు ఆమె పక్కన చెంబుతో నీళ్ళు పెట్టి బడికి వెళ్ళాను. లెక్కల పీరియడంతా కళ్ళు మూసుకుని అత్తనే తలుచుకున్నాను. సాయంత్రం పరుగెత్తుకొచ్చి, "వచ్చినాయా?" అన్నాను.

"వచ్చినాయి పాపా. చెంబెడు నీళ్ళు తాగితే గానీ నిలవలేదు," అంది గుంతలోంచి.

సంబరంతో గంతులేశాను. ఆ చెంబు నిండుగానే ఉందని నిన్న ఆటోలో గుర్తొచ్చింది.