ఎండాకాలంలో తునికిగుట్ట మీద ఎవరుంటారు?

1958, మే నెల. అప్పట్లో నేను మహబూబ్‌నగర్ జిల్లాలో సర్వేయరుగా పనిచేస్తున్నాను. ఆత్మకూర్‌లో ఒక గది కిరాయికి తీసుకొని, వారంలో సగం రోజులు గుట్టల వెంబడి తిరిగేవాణ్ణి. మాది నల్లగొండ వైపు నేత కుటుంబం. మా ఇంట్లో మగ్గం వదిలి చైన్ పట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. చైన్ అంటే నేలను కొలిచే ఇనుప గొలుసు. "నీడపట్టున కూసుండి బతికే పని ఇడిచి ఎండల తిరిగే పని పట్టిండు" అని మా బాపు వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేవాడు. నాకు మాత్రం తిరగడమే ఇష్టం. గుట్ట ఎక్కి నాలుగు దిక్కులా చూస్తే ఆకలి కూడా బాగా వేసేది.

ఆ ఏడు కృష్ణకు ఇవతల ఉన్న ఒక గుట్టల వరుసను రిజర్వు అడవి కింద చేర్చే పని మొదలైంది. రిజర్వు గీత లోపల పడ్డ చోట ఇల్లు ఉండకూడదు, నాగలి పెట్టకూడదు, పశువును మేపకూడదు. గీత ఎక్కడ పడాలో అడవి శాఖ రేంజరు గారూ నేనూ కలిసి చూసి, ఇద్దరం సంతకాలు చేసి పంపాలి. ఆ వరుసలోనే తునికిగుట్ట ఉంది. పాత రికార్డులో దాని ఎదుట ఒకే మాట ఉంది: బేచిరాగ్. ఉర్దూలో దీపం లేనిదని అర్థం. మనుషులు లేని ఊరిని రెవెన్యూ వాళ్ళు అలా రాసేవారు. దీపం లేని చోట గీత పడితే ఎవరికి నష్టమని మా ఆఫీసులో అందరూ అన్నారు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం ఆఫీసు మాది.

మా చైన్‌మన్ జంగయ్య మాత్రం ఒప్పుకోలేదు. "గుట్ట మీద ఊరున్నది సార్. మా చిన్నమ్మను ఆడికే ఇచ్చిన్రు" అన్నాడు.

రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండలో మధ్యాహ్నం దాటాక రేంజరు గారు, నేను, జంగయ్య గుట్ట ఎక్కాం. పైన నేల బల్లపరుపుగా ఉంది. మధ్యలో వానకు పండే ఎర్ర చెలకలు, వాటి గట్ల మీద ఆకు రాల్చిన సీతాఫలం చెట్లు, తూర్పున బోదగడ్డి కప్పిన ఇరవై చిల్లర ఇళ్ళు. పడమట రాతి సందులో ఒక ఊట ఉంది. వానాకాలం, చలికాలం అది ఊరంతటికీ సరిపోతుందట. శివరాత్రి దాటాక మాత్రం చెంబెడు నీళ్ళకు గడియసేపు కూర్చోవాలి. దక్షిణం వైపు కోసెడు దూరంలో కృష్ణ, ఇసుక తిన్నెల మధ్య సన్నగా కనిపిస్తోంది.

ఇళ్ళ తలుపులన్నీ తాళ్ళతో కట్టేసి ఉన్నాయి. ఒక్క కుక్క కూడా మొరగలేదు. జంగయ్య ముఖం చిన్నబోయింది. చివరి ఇంటి ముందు మాత్రం ఒక ముసలమ్మ చింతపండు గింజలు తీస్తూ కూర్చుని ఉంది. పక్కన ఒక మేక. ఆమె పేరు ఈరమ్మ.

"నీళ్ళకొచ్చిన్రా, కొలువనొచ్చిన్రా?" అని అడిగింది.

"కొలవనీకే వచ్చినం అవ్వా. ఊరంత యాడికి పోయింది?"

"యాడికి పోతది? ఊట ఎండింది. పసులను తోలుకొని కిష్ణ ఒడ్డుకు దిగిన్రు. మిరుగం రాంగనె ఎక్కొస్తరు. గీ యేడు కావలి వంతు మా ఇంటిది. కొడుకు, కోడలు పసుల తాన ఉన్నరు, నేనీడున్న."

రేంజరు గారు నదికి అవతలి జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. చెడ్డవాడు కాదు. కళ్ళతో చూడనిది రాయడు. ఆయనలో నాకు నచ్చిన గుణమూ అదే, నాకు తలనొప్పి తెచ్చిందీ అదే.

"సర్వేయరు గారూ, ఒక్క ముసలమ్మ ఉంటే ఊరు ఉన్నట్టేనా? రేపు ఏ సన్యాసో గుహలో కూర్చుంటే దాన్నీ ఊరనాల్సి వస్తుంది. వదిలేసి పోయిన ఇళ్ళు నేను చాలా చూశాను" అన్నాడు.

సంగతేమిటో ఈరమ్మకు విడమరిచి చెప్పాను. మేమిద్దరం బేచిరాగ్ అని సంతకం పెడితే, మిరుగానికి, అంటే మృగశిర కార్తెకు, తిరిగొచ్చే జనానికి చెలకల్లో హద్దురాళ్ళు కనిపిస్తాయి. ఇళ్ళు ఖాళీ చేయాల్సి వస్తుంది. ఆమె చేతులు చింతపండు మీదే ఆగిపోయాయి.

"మల్ల గదే మాట రాస్తరా?" అంది. చింతపండు పక్కకు జరిపి తనే మొదలుపెట్టింది. "మా అత్త కాలంల కింద ఎర్రవల్లిల గత్తరొచ్చి ఇంటికొకరు పోయిన్రు. మిగిలినోళ్ళల్ల కొందరు పానం కాపాడుకుందమని గుట్టెక్కిన్రు. గీడ ఊటనీళ్ళు తియ్యగుండె, గాలి మంచిగుండె. మల్ల దిగబుద్ధి కాలే. కొన్నేండ్లకు ఒక అమీన్ సాబ్ కొలువనొచ్చిండు. గప్పుడు గూడ ఎండకాలమే. ఒక్క మనిషి లేడు, ఒక్క పొయ్యి రాజలేదు. ఆయనేం రాసుకపోయిండో మాకు గప్పుడేమెరుక? మిరుగానికి ఎక్కొచ్చినంక, మా చెలకల్ల మేసే మా పసులనే బందెలదొడ్డికి తోలిన్రు. లేని ఊరికి పసులెక్కడియన్నరు."

"తర్వాత?" అని రేంజరు గారే అడిగాడు.

"గప్పటి సంది యేటా ఒక ఇల్లు వంతుకు ఉంటది. పొద్దుగూకంగనె గూట్ల దీపం పెడ్తం. గా దీపంతోని అంచుబండ మీద కందికట్టె ముట్టిస్తం. కిందికెల్లి మావోళ్ళు చూస్తరు. మంట కనవడితే ఊరు మంచిగున్నట్టు."

రేంజరు గారు పొద్దు వంక చూశాడు. ఇంకా రెండు బారలుంది. దారిలో ఎలుగుబంట్ల భయం, చీకటి పడకముందే దిగిపోవాలని ఆయన తొందర. "అయితే ఆ మంట ఇప్పుడే వెలిగించమ్మా. చూసి, రాసుకొని పోతాం" అన్నాడు.

"పొద్దుండంగ ముట్టియ్య" అంది ఈరమ్మ.

నాకు ఒళ్ళు మండింది. ఆయన అంత దూరం దిగివస్తే ఈమె బిగుసుకుంటోంది. "అవ్వా, నీ ఊరు పోతాంది. జర ముట్టియ్యరాదు?"

"పొద్దుండంగ పొగ లేస్తే కావలి మనిషి పానం మీదికొచ్చిందని గుర్తు. పసులనిడిచి అందరు ఉరికొస్తరు. ఉత్తపుణ్యానికి ఒక్కపారి ఉరికిస్తే, నిజంగ పానం మీదికొచ్చిన్నాడు ఎవలొస్తరు బిడ్డా? నాదైతే అయిపాయె. వచ్చేయేడు కావలుండేది బాలింత కావచ్చు. ఆమెకెవలొస్తరు?"

ఊరు పోతుందని తెలిసి కూడా ఆమె ఆ మాట ఎంత నిదానంగా అందంటే, కోపగించుకున్నందుకు నాకే ఎట్లాగో అనిపించింది. రేంజరు గారు చాలాసేపు నది వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత అరుగు మీద కూర్చొని బూట్లు విప్పాడు.

"సామాను దించండి. చీకటి పడేదాకా ఉందాం. చూడకుండా అటూ రాయను, ఇటూ రాయను."

"రాత్రి దిగుడంటే ఎలుగుబంటికి బువ్వ వెట్టినట్టే సార్" అని జంగయ్య గొణిగాడు. అరుగు మీదే పడుకొని తెల్లారి దిగుదామని రేంజరు గారు చెప్పాకగానీ వాడు కుదుటపడలేదు.

ఈరమ్మ మాకు జొన్న అంబలి, ఉల్లిగడ్డ పెట్టింది. రేంజరు గారు మొహమాటపడుతూనే రెండోసారి పోయించుకున్నాడు. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు కనుక, ఆ పూటలో చెలకల గట్లన్నీ చైన్‌తో కొలిచేశాను. దున్నిన నేల దున్నినట్టే ఉంది, దుక్కిలో పోయినేటి ఆముదపు మోళ్ళు ఉన్నాయి. అదీ రేంజరు గారికి చూపించాను. ఆయన తల ఊపాడు.

పొద్దు గుట్టల వెనక్కి దిగింది. ఈరమ్మ కాళ్ళు కడుక్కొని గూట్లో ఆముదపు దీపం పెట్టింది. ఒక కందిపుల్లకు దాని మంట అంటించుకొని, చెయ్యి అడ్డం పెట్టుకుంటూ అంచుబండ దాకా నడిచింది. మేం వెనకే వెళ్ళాం. కందికట్టె చిటపటమని అంటుకొని నిలువెత్తు మంట లేచింది. కింద అంతా మసక. ఒకవేళ ఏమీ కనిపించకపోతే?

నది ఒడ్డున ఒక చుక్కంత వెలుతురు పుట్టింది. దాని పక్కన ఇంకొకటి. ఆ తర్వాత ఇసుక పొడవునా వరసగా మంటలు లేచాయి. రేంజరు గారు వేలు చాపి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఈరమ్మ ఆయన పక్కన నిలబడి ఒక్కో మంటకూ పేరు చెప్పింది. "గది మా కొడుకుది. గది బాలమ్మోళ్ళది, ఇంట్ల తొమ్మిది మంది. గది కుర్మయ్యది, అన్నదమ్ములు ఒక్క పొయ్యే." అయిపోయిందనుకొని ఆయన చెయ్యి దించాక దూరాన మరొకటి వెలిగింది. "గది మల్లిగానిది. వాడెప్పుడు గట్లనే" అంది.

జంగయ్య పందెం గెలిచినట్టు నవ్వుతున్నాడు.

"ఊరి జనం ఎంతమందని రాయమంటావమ్మా?" అని అడిగాడు రేంజరు గారు. మాటలో ఇందాకటి బిగువు లేదు.

"ఇంటింటిది చెప్తుంటి గద కొడుకా. అందర్ని రాయి. నన్ను ఆఖరికి రాసినా మంచిదే."

మర్నాడు పొద్దున్నే ఇద్దరం సంతకాలు చేశాం. రిజర్వు గీత గుట్ట పాదం చుట్టూ తిరిగి పోయేలా నకాషా గీశాను. పైవాళ్ళు కొర్రీలు వేశారు, మేం జవాబులు రాశాం. చివరికి తునికిగుట్ట ఎర్రవల్లికి మజరా అని రికార్డుకెక్కింది. మజరా అంటే పెద్ద ఊరి కింద లెక్కకు వచ్చే చిన్న ఊరు. వానలు పడ్డాక హద్దురాళ్ళు నాటించడానికి మళ్ళీ వెళ్ళాను. ఊట పారుతోంది, పొయ్యిలన్నీ రాజుతున్నాయి. ఆ సందడిలో ఈరమ్మ నన్ను గుర్తుపట్టనే లేదు.

ఆ తర్వాత నా సర్వీసులో బేచిరాగ్ అని రాయాల్సిన చోట్లు చాలా వచ్చాయి. ఎక్కడా దీపాల వేళ దాకా ఉండకుండా ఆ మాట రాయలేదు. చైన్‌మన్లు నన్ను తిట్టుకునేవారు, ఇంట్లో వాళ్ళు భోజనానికి ఎదురుచూసి పడుకునేవారు. చాలా చోట్ల చీకటి చీకటిగానే ఉండిపోయింది, నేనూ ఉన్నదే రాసి వచ్చాను. రెండు చోట్ల మాత్రం దీపం వెలిగింది. ఆ రెండు ఊళ్ళూ ఇప్పటికీ ఉన్నాయి.