సున్నం కింద పడ్డ మందు

దసమంతపూర్ చుట్టుపక్కల ఇజ్రాయెల్ దోమల మందు కొట్టని గోడ లేదు. మలేరియా శాఖలో ముప్ఫై ఏళ్ళు చేసి, మందు జట్టు మేస్త్రీగా రిటైరైన మనిషి. భుజాన పంపుతో వాగులు దాటాడు. కొరాపుట్ సభలో శాలువా కప్పించుకున్నాడు. పారే వాగులో పుట్టే దోమ ఏది, వరిమడిలో పుట్టేది ఏది, గోడమీద ఏటవాలుగా వాలే మలేరియా దోమను ఎందుకు వదలకూడదో చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యేలా చెప్పేవాడు. రక్తం తాగిన దోమ బరువెక్కి గోడకే చేరుతుంది, అక్కడ మందుండాలి, కాబట్టి గోడ అలకొద్దు, సున్నం వెయ్యొద్దు అని ఊరూరా చాటింది ఆయనే. విననివాళ్ళను వాళ్ళ గుమ్మంలోనే నిలబెట్టి కడిగేసేవాడు. అలాంటివాళ్ళకు మళ్ళీ మందు కొట్టొద్దని జట్టుకు కట్టడి చేసిందీ ఆయనే.

అంతటివాడు, రాయగడ నుంచి కూతురు ఫేబను పురిటికి తీసుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. మొన్న మందు కొట్టించిన ఇల్లు తెల్లగా మెరిసిపోతోంది.

"ఏటే ఇది?"

"ఆదివారం మనింట్లో ప్రార్థన కదండీ. పాస్టరుగారొస్తారు. గోడల్నిండా ఆ మందు కారిన సారలేటని సున్నం ఏయించేను," అంది భార్య దొర్కా.

"ఊరందరికీ సెప్పేను గదే!"

"ఊరికి సెప్పేరు. నాకెప్పుడు సెప్పేరు?"

ఆయన ఫేబ వైపు తిరిగాడు. నిండు కడుపుతో ఉన్నవాళ్ళకు ఆ జ్వరమొస్తే తల్లీబిడ్డలకు ఏమవుతుందో కళ్ళారా చూసినవాడు.

"దోమతెర కట్టుకుంటాలే నాన్నా," అంది ఫేబ.

"తెర పడుకున్నప్పుడే గదమ్మీ. పొద్దుగూకి వంటింట్లో కూకుంటేనో?"

మందు జట్టు పక్క ఊళ్ళోనే ఉంది. దాని మేస్త్రీ ఇప్పుడు గురువులు అనే అతను, ఒకప్పుడు ఈయన కింద పని నేర్చినవాడు. ఇజ్రాయెల్ నడిచివెళ్ళి సంగతి చెప్పేసరికి జట్టంతా ఘొల్లున నవ్వింది.

"సున్నమేసినోడికి మళ్ళీ మందు లేదన్నది మీరే గదండీ మేస్త్రీగారూ!" అన్నాడు గురువులు.

"అన్నాను. సున్నమేసింది పెద్దోళ్ళురా. జ్వరమొచ్చేది లోపలున్న పిల్లకి."

గురువులు నవ్వు ఆపాడు. "ఈ ఊళ్ళో అసిరయ్య కూడా గోడలలికేసేడండీ. మీ కట్టడి ప్రకారమే పొద్దున్న కాదనేసేను. మీకు కొడితే ఆడికీ కొట్టాలి."

ఇజ్రాయెల్ అసిరయ్య సంగతే అడిగాడు.

"ఆడింట్లో పిల్లలున్నారా?"

"ముగ్గురండి."

"అయితే ముందు అక్కడికే పద. మా అమ్మి అందాకా సున్నమెయ్యని పక్కింట్లో కూకుంటాది," అంటూ జట్టు పంపొకటి భుజానికెత్తుకున్నాడు.